లెక్కకు రాని గైర్హాజరు

(గురజాడ వెంకట అప్పారావు స్మృతిలో రావికమతంలో ఏర్పాటైన సభ కోసం సిద్ధం చేసిన ఉపన్యాస పాఠం)



గురజాడ పేరు మీద సభ జరుపుకోవడానికి ఈ ప్రాంతానికి ఉన్న హక్కు చిన్నది కాదు. 1862 సెప్టెంబరు 21న ఆయన పుట్టిన రాయవరం నేటి అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ఆయన స్మారక సభల్లో సాధారణంగా గిరీశం గురించి, మధురవాణి గురించి, ముత్యాల సరాల నడక గురించి, వాడుక భాష కోసం జరిగిన పోరాటం గురించి మాట్లాడతారు. అవన్నీ ఎన్నిసార్లు మాట్లాడుకున్నా తరగనివే. ఈ ఉపన్యాసం మాత్రం ఆయన చేసిన పనుల్లో అంతగా ప్రస్తావనకు రాని ఒకదానితో మొదలవుతుంది. అది లెక్క.

'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. ఆ మొదటి ముద్రణకు గురజాడ ఇంగ్లిషులో ఒక పీఠిక రాశారు. సాహిత్య పీఠికల్లో కనిపించని అంకెలు అందులో ఉన్నాయి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఆజ్ఞ మీద నాటి విశాఖపట్నం జిల్లా మైదాన ప్రాంతంలో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి తయారైంది. మూడేళ్లకు తేలినవి 1,034 పెళ్లిళ్లు. ఏడాదికి సగటున 344. ఆ పెళ్లికూతుళ్లలో 99 మందికి అయిదేళ్లు. 44 మందికి నాలుగేళ్లు. 36 మందికి మూడేళ్లు. ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి ఏడాది వయసు.

కన్యాశుల్కం చెడ్డదని అప్పటికి చాలామంది ఉపన్యాసాలిచ్చారు. కానీ ఏడాది వయసు పెళ్లికూతుళ్లు ముగ్గురున్నారని లెక్క చూపించాక, ఎక్కడో ఒకటీ అరా జరుగుతోందిలే అనే మాట చెల్లదు. ఆ పీఠికలో గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఆడపిల్లకు డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకునేవారు ఉండరు కాబట్టి జాబితా పూర్తిది కాదని కూడా గురజాడ అక్కడే చెప్పారు. సిగ్గు కాపలా కాసే చోట లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుందన్న ఎరుక ఆయనకు ఉంది.

నేటి బడిపిల్లల జీవితంలో అలా సిగ్గు కాపలాలో దాగి ఉన్నది ఫోన్లలో సాగే వేధింపు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం పిల్లలపై జరిగిన సైబర్ నేరాలు దేశం మొత్తం మీద 1,823. అందులో ఆన్‌లైన్‌లో వెంటపడటం, వేధించడం అన్న పద్దు కింద నమోదైనవి 158. బడికి వెళ్లే పిల్లలు సుమారు పాతిక కోట్ల మంది ఉన్న దేశానికి ఏడాది మొత్తం మీద వచ్చిన అంకె అది. ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులు తమ తమ బడుల్లో గత సంవత్సరం తమ దాకా వచ్చిన తగాదాలను ఒక్కసారి గుర్తుచేసుకుంటే, 158 అన్న అంకె దేశానికి సరిపోతుందా, మండలానికి సరిపోతుందా అన్నది వారికే తెలుస్తుంది.

ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ఇది. ఫోను వేధింపు చదువుకు చేసే హాని మొదట మార్కుల్లో కనిపించదు. పిల్ల బల్ల మీద కూర్చుని ఉంటుంది, హాజరు పడుతుంది, కానీ తరగతిలో ఉండదు. మన బడి మనిషిని లెక్కపెడుతుంది గాని ధ్యాసను లెక్కపెట్టదు. ఆ గైర్హాజరు లెక్కకు రానంత కాలం దానికి మందు దొరకదు.

ఎగతాళి కొత్తది కాదు. చాటున ఉండి ఒకరి పరువు తీయడానికి తెలుగువాళ్లు ఏనాడో ఒక మనిషిని సృష్టించుకున్నారు. ఆయన పేరు ఆకాశరామన్న. సంతకం లేని ఉత్తరం ఇంటికొస్తే అది ఆకాశరామన్న ఉత్తరం. కుదిరిన సంబంధం తప్పిపోవడానికి, ఉద్యోగికి బదిలీ పడటానికి అలాంటి ఉత్తరం ఒక్కటి చాలేది. బడిలో అయితే గోడ మీద బొగ్గు రాతలు, ఇంటిపేరును వంకర తిప్పి పిలవడం, నడకను అనుకరించడం. ఇవి పిల్లలను ఏడిపించలేదని ఎవరూ అనలేరు. చిన్నప్పుడు పడిన మారుపేరు యాభై ఏళ్ల వయసులో కూడా గుచ్చుకునే మనుషులు ప్రతి ఊళ్లో ఉన్నారు.

అయితే ఆ ఎగతాళికి ఒక హద్దు ఉండేది. గోడ మీది రాత చూడాలంటే గోడ దగ్గరికి వెళ్లాలి. సున్నం వేస్తే చెరిగిపోతుంది. సాయంత్రం బడిగంట మోగితే మర్నాడు దాకా విడుదల. ఇంటి గడప దాటి లోపలికి వచ్చాక అమ్మ, పొయ్యి, అన్నం, నిద్ర. బడి మార్చినా, వేసవి సెలవులొచ్చినా మారుపేరు మరుగున పడేది.

ఆ హద్దులు ఒక్కొక్కటిగా ఎలా తెగిపోయాయో ఇరవై ఏళ్ల చరిత్ర చెబుతుంది. మొదట మిస్డ్ కాల్స్, ఎస్సెమ్మెస్‌లు. తరవాత ఆర్కుట్, అది 2014లో మూతపడేనాటికి ఫేస్‌బుక్. అప్పటివరకూ ఇది పట్నం పిల్లల గొడవ. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది, పల్లెల్లో కూడా స్మార్ట్‌ఫోను ఇంటి సామానైపోయింది. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చి బడులు మూశాక చదువే ఫోనులోకి వెళ్లింది. అంతవరకూ పిల్లల చేతికి ఫోను ఇవ్వవద్దన్న బడే, ఫోను లేకపోతే పాఠం లేదని చెప్పవలసి వచ్చింది. తరగతికొక వాట్సాప్ గ్రూపు పుట్టింది ఆ రోజుల్లోనే. బడులు తెరిచారు గాని గ్రూపులు మూయలేదు. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచే కార్యక్రమం మొదలుపెట్టింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2023 ఆగస్టులో, అదే ప్రభుత్వం పిల్లలు బడికి సెల్‌ఫోను తేవడాన్ని నిషేధించింది. రెండు నిర్ణయాలకూ వాటి కారణాలు వాటికున్నాయి. కానీ గేటు దగ్గర ఆపిన ఫోను రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో తెరుచుకుంటుంది.

అలా తెరుచుకున్నాక ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. ఇక్కడ చెప్పేది ఏ ఒక్క పిల్ల కథా కాదు. పంతుళ్లు, మేడమ్‌లు, తల్లులు చెప్పుకునే సంగతులను ఒకచోట చేర్చి అల్లినది. ఏ ఊరి బడి అయినా అనుకోవచ్చు.

తొమ్మిదో తరగతి పిల్ల. లెక్కల్లో చురుకు. ఇంట్లో ఉన్నది ఒకటే మంచి ఫోను, అది అన్నది. అన్న భోంచేసేంతసేపు ఆ ఫోను తనది. అందులో తరగతి గ్రూపులు రెండు. ఒకటి సార్ ఉన్న గ్రూపు, ఇంకొకటి సార్ లేని గ్రూపు. హోంవర్కు మొదటి దాంట్లో వస్తుంది. అర్థం కానివి అడిగేదీ, రికార్డు ఫోటో తీసి పంపుకునేదీ, రేపు ఏ సార్ సెలవో తెలిసేదీ రెండో దాంట్లో. ఒక రాత్రి ఆ రెండో గ్రూపులో, వార్షికోత్సవం నాడు డాన్సు వేస్తుండగా తీసిన తన ఫోటో స్టిక్కరై కనిపించింది. నోరు తెరుచుకుని, కళ్లు సగం మూతపడిన క్షణం. కింద ఒక మారుపేరు. తండ్రి చేసే పని మీద పెట్టిన పేరు. దాని వెంట నవ్వు బొమ్మలు, ఒకదాని కింద ఒకటి, బొటనవేలితో ఎంత పైకి తోసినా తరగనన్ని. నిన్న పక్కన కూర్చుని అన్నం తిన్న స్నేహితురాలిదీ ఉంది అందులో ఒకటి. అన్న చెయ్యి కడుక్కుని వచ్చేలోగా ఆ చాట్ కనబడకుండా చేయాలి.

మర్నాడు ప్రార్థనలో నిలబడింది. పేరు పిలిస్తే పలికింది. హాజరు పడింది. లెక్కల సార్ బోర్డు మీద బీజగణితం లెక్క వేసి, ఎవరు చేస్తారని అడిగారు. ఈ పిల్ల చెయ్యి సగం లేచింది. వెనక బెంచీ నుంచి ఎవరో దగ్గారు. ఆ దగ్గులో స్టిక్కరు మీద పేరు వినబడింది. చెయ్యి దిగిపోయింది. సార్‌కు ఇవేవీ తెలియవు. ఆయన ఇంకొకరిని లేపారు. ఆ తరవాత ఆ పిల్ల చెయ్యి ఎత్తలేదు. గ్రూపులోంచి బయటికి వచ్చేస్తే హోంవర్కు సందేహాలు పోతాయి, ఉంటే పరువు పోతుంది. కొన్నాళ్లు ఉండి, తరవాత వచ్చేసింది. బయటికి వచ్చేసిందన్న సంగతి కూడా గ్రూపులో ఒక వరసగా పడింది. దాని మీద ఇంకా నవ్వు బొమ్మలు పడ్డాయి.

ఈ పిల్లకు లెక్కలు రావడం మానేస్తే దానికి కారణం లెక్కలు కావు.

దీని గురించి శాస్త్రం చెప్పేది వినదగినది. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒకసారి పార్కులో కూర్చుని ఉండగా ఇద్దరు ఆడుకుంటున్న ప్లాస్టిక్ పళ్లెం దొర్లుకుంటూ ఆయన దగ్గరికొచ్చింది. తీసి విసిరారు. వాళ్లు తిరిగి ఆయనకు విసిరారు. కాసేపు ముగ్గురూ ఆడుకున్నారు. తరవాత ఏ మాటా లేకుండా వాళ్లు ఆయనకు విసరడం మానేశారు. ముక్కూమొహం తెలియని ఇద్దరు తనను ఆటలోంచి తప్పిస్తే అంత బాధ ఎందుకు కలిగిందన్న ప్రశ్న ఆయనను వదల్లేదు. 2000లో ఆయన, సహ పరిశోధకులు 62 దేశాలకు చెందిన 1,486 మందితో ఇంటర్నెట్ మీద అలాంటి బంతాట ఆడించారు. ఎన్నడూ చూడని, చూడబోని మనుషులనుకున్నవారు (నిజానికి అటువైపు ఆడింది కంప్యూటరే) బంతి వేయకపోయినా ఆడుతున్నవారి మనసు చివుక్కుమన్నది. మరి రోజూ పక్కన కూర్చునే ముప్ఫయి మంది బంతి వేయడం మానేస్తే?

2002లో అమెరికాలో రాయ్ బామీస్టర్ బృందం చేసిన ప్రయోగాలు బడికి ఇంకా దగ్గర. కొందరు కళాశాల విద్యార్థులకు, ముందు ముందు నీకు తోడెవరూ మిగలరని నమ్మేలా చెప్పి పరీక్ష పెట్టారు. (ఆ మాట నిజం కాదని తరవాత వివరించారు.) బట్టీ పట్టి అప్పజెప్పే పనిలో వాళ్లు వెనకబడలేదు. ఆలోచించి, తర్కించి జవాబు చెప్పవలసిన చోట మాత్రం బాగా వెనకబడ్డారు. ఉపాధ్యాయులు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. వేధింపుకు గురైన పిల్ల పద్యం అప్పజెబుతుంది, నిర్వచనం రాస్తుంది. చూసినవారికి చదువు సాగుతున్నట్టే ఉంటుంది. పోయేది లెక్క, వ్యాకరణం, భౌతికశాస్త్రంలో రెండో మెట్టు, మూడో మెట్టు. అది బయటపడేది మార్చిలో, పబ్లిక్ పరీక్షల్లో. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ.

మార్కుల లెక్క ఉన్నచోట అది కూడా ఇదే మాట చెబుతోంది. 2018లో జరిగిన అంతర్జాతీయ పీసా పరీక్షలో తరచూ వేధింపుకు గురయ్యే పదిహేనేళ్ల పిల్లలు, వారి ఇంటి ఆర్థిక స్థితిని పరిగణనలోకి తీసుకున్నాక కూడా, పఠనంలో మిగతావారికంటే సగటున 21 పాయింట్లు తక్కువ తెచ్చుకున్నారు. 2019లో యునిసెఫ్ 30 దేశాల్లో 13 నుంచి 24 ఏళ్లవారిని అడిగితే, ప్రతి ముగ్గురిలో ఒకరు ఆన్‌లైన్ వేధింపుకు గురయ్యామన్నారు. ప్రతి అయిదుగురిలో ఒకరు ఆన్‌లైన్ వేధింపు వల్లో, హింస వల్లో బడి మానేసిన రోజులున్నాయని చెప్పారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చదువులో వెనకబడిన పిల్లలను తోటివారు ఎక్కువగా వేధించడం కూడా ఉంది. కాబట్టి తక్కువ మార్కులన్నీ వేధింపు ఫలమే అనకూడదు. కానీ వెనకబడినందుకు వేధింపు, వేధింపు వల్ల ఇంకా వెనకబాటు, ఈ చక్రం తిరగడం మొదలుపెట్టాక ఏది ముందన్న ప్రశ్న పిల్లకు పనికిరాదు.

మన పల్లెల సంగతికి వస్తే, పల్లె పిల్లల చదువు మీద జరిగే 'అసర్' 2024 సర్వేలో గ్రామీణ భారతంలోని 14-16 ఏళ్ల పిల్లలను అడిగారు. స్మార్ట్‌ఫోను వాడటం వచ్చినవారిలో అంతకు ముందు వారం చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. సోషల్ మీడియా వాడేవారిలో ఒక ఖాతాను బ్లాక్ చేయడం, ఫిర్యాదు చేయడం తెలిసినవారు 62 శాతం. అంటే ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు తలుపు గడియ ఎలా వేయాలో తెలియని ఇంట్లో కాపురముంటున్నారు.

ఈ మండలంలోనే చీమలపాడు పంచాయతీ కొండ గూడేలున్నాయి. అక్కడి పిల్లలకు బడి చేరడమే ఇంకా పెద్ద పని. కిందికి వచ్చి హైస్కూలులో చేరిన ఆదివాసీ పిల్ల యాసను రికార్డు చేసి రీలు చేస్తే, ఆ పిల్ల తిరిగి కొండెక్కడానికి వేరే కారణం అక్కరలేదు. వేధింపు అందరి మీదా సమానంగా పడదు. ఒంటిరంగు మీద, కులం మీద, తండ్రి పని మీద, ఇంగ్లిషు ఉచ్చారణ మీద, చిరిగిన చెప్పు మీద పడుతుంది. బలహీనంగా ఉన్న చోటు వెతుక్కుని మరీ పడుతుంది.

ఆడపిల్ల విషయంలో ఇంకొక మెట్టు ఉంది. సంగతి ఇంట్లో తెలిస్తే మొదట పడే ప్రశ్న ఏమిటి? "నువ్వేం చేశావు?" రెండోది ప్రశ్న కాదు, తీర్పు: "ఫోను ఇటియ్యి." వేధించినవాడి ఫోను వాడి చేతిలోనే ఉంటుంది, వేధింపు పడినదాని ఫోను బీరువాలోకి పోతుంది. ఇది ఎరిగిన పిల్ల నోరు విప్పదు. ఆమె మౌనానికి కారణం భయం మాత్రమే కాదు, అనుభవం కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవారు 48.8 శాతం, ఆడవారు 21 శాతం. ఆ కొద్దిమందిలో చేరబోతున్న ఆడపిల్లకు వేధింపు దారి మూసేస్తుంది.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయింది. బాల్య వివాహానికి పేదరికం, కట్నం, బడి దూరం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. కానీ "పిల్ల పేరు ఊళ్లో పడకముందే" అన్న తొందర తెలుగు ఇళ్లలో ఎంత బలమైనదో ఇక్కడున్న తల్లులకు చెప్పనక్కరలేదు. పేరు పడటానికి వెనకటికి ఉత్తరం కావలసివచ్చేది. ఇప్పుడు ఒక మార్చిన ఫోటో చాలు. గురజాడ లెక్క చూపి పోరాడిన పెళ్లి ఇంకో దారిన అదే తొమ్మిదో తరగతి గదిలోకి వస్తోంది.

పిల్లలు ఇది ఎక్కడ నేర్చుకుంటున్నారు? పెద్దల దగ్గర. 2024 జులైలో ఒక తెలుగు యూట్యూబర్ తన మిత్రులతో కలిసి, ఒక తండ్రీ చిన్నారి కూతురూ ఉన్న వీడియో మీద అసభ్య వ్యాఖ్యలు చేస్తూ పకపక నవ్వాడు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల దృష్టికి తెచ్చాక తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోక్సో కేసు పెట్టి అతణ్ని బెంగళూరులో అరెస్టు చేసింది. అక్కడ కలవరపరిచేది ఒక్కడి నోరు మాత్రమే కాదు, నలుగురు కలిసి నవ్విన తీరు. తరగతి గ్రూపులో స్టిక్కరు కింద నవ్వు బొమ్మ పెట్టే పిల్లవాడు ఆ నవ్వునే నేర్చుకున్నాడు. వాడు దుర్మార్గుడు కాదు. నవ్వకపోతే రేపు తన ఫోటో స్టిక్కరవుతుందని భయపడేవాడు కావచ్చు. వాడి చదువు కూడా ఆ రాత్రి పోయింది. ఆ సంగతి వాడి తల్లిదండ్రులకూ తెలియదు.

చట్టాలు లేవని కాదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. దాంతో ఆన్‌లైన్ వేధింపుకు చట్టమే లేదని అనుకునేవారున్నారు. అది పొరపాటు. వేరొకరి పేరుతో మోసగించడం, ఏకాంతానికి భంగం కలిగించే ఫోటోలు పంచడం, పిల్లల అసభ్య చిత్రాలు తయారుచేయడం లేదా పంపడం, ఇవన్నీ అదే చట్టం కింద నేరాలు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను లైంగికంగా వేధిస్తే 2012 నాటి పోక్సో చట్టం ఉంది. 1098కి ఫోను చేస్తే పిల్లల హెల్ప్‌లైన్ పలుకుతుంది. 2020 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సీఐడీ 'ఈ-రక్షాబంధన్' పేరుతో సైబర్ భద్రత మీద నెల రోజులు ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చింది. తెలంగాణ మహిళా భద్రతా విభాగం 'సైబర్ కాంగ్రెస్' పేరుతో 33 జిల్లాల్లోని 1,650 ప్రభుత్వ బడుల నుంచి 3,300 మంది పిల్లలను సైబర్ రాయబారులుగా తీర్చిదిద్దింది. పిల్లల చేత పిల్లలకే చెప్పించిన ఈ రెండో పద్ధతి మేలైనదని చెప్పాలి. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి పదహారేళ్ల లోపువారికి సోషల్ మీడియా ఖాతాలే లేకుండా చేసింది.

అయితే స్టిక్కరు వేసినవాడికీ పద్నాలుగేళ్లే. వాణ్ని నేరస్తుణ్ని చేయడం చట్టం ఉద్దేశం కాదు, ఊరికీ మేలు కాదు. పోలీసు స్టేషను దాకా పోవలసినవి కొన్ని ఉంటాయి, అవి పోవాలి. మిగిలినవన్నీ బడిలో తేలవలసినవి. బడిలో తేలాలంటే ముందు బడికి తెలియాలి. అక్కడికే ఈ ఉపన్యాసం మళ్లీ వస్తోంది.

1982 చివర్లో నార్వే ఉత్తర ప్రాంతంలో ముగ్గురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటివారి వేధింపే కారణమని దేశం భావించింది. మరుసటి సంవత్సరం ఆ ప్రభుత్వం బడుల్లో దేశవ్యాప్త ఉద్యమం మొదలుపెట్టింది. డాన్ ఓల్వియస్ అనే ఆచార్యుడు తయారుచేసిన ప్రశ్నపత్రాన్ని పిల్లలకు ఇచ్చారు. దాని మీద పేరు రాయనక్కరలేదు. నిన్ను ఎవరైనా వేధించారా, ఎన్నిసార్లు, ఎక్కడ, ఎవరికైనా చెప్పావా, నువ్వు ఎవరినైనా వేధించావా. ఆ చీటీలు లెక్కపెడితే దాదాపు 15 శాతం మంది పిల్లలు వేధించేవారిగానో వేధింపుకు గురయ్యేవారిగానో ఇందులో చిక్కుకుని ఉన్నారని తేలింది. బెర్గెన్ పట్టణంలో 42 బడుల్లో సుమారు 2,500 మంది పిల్లలతో ఓల్వియస్ రెండున్నరేళ్లు పనిచేశారు. వేధింపు సగానికి సగం తగ్గింది. ఆయన వాడినవి పెద్ద సాధనాలేమీ కావు. లెక్క తీయడం, ఆ లెక్కను పంతుళ్ల ముందూ తల్లిదండ్రుల ముందూ పెట్టడం, తరగతిలో నియమాలు రాసి గోడకు తగిలించడం, విరామ సమయంలో పెద్దలు పిల్లల మధ్య తిరగడం.

విజయనగరం మహారాజు జాబితా చేసిన పనీ, ఓల్వియస్ చీటీ చేసిన పనీ ఒకటే. సిగ్గు దాచినదాన్ని అంకె బయటికి తెచ్చింది.

మన బడికి ఆ పని చేయడానికి కొత్త పథకమేమీ అక్కరలేదు. హాజరుపట్టీ ఉంది. తరచూ సోమవారం మానేసే పిల్ల, ఆదివారం రాత్రి ఏదో జరిగిన పిల్ల కావచ్చు. మార్కుల రిజిస్టరు ఉంది. తెలుగులో నిలబడి లెక్కల్లో మాత్రం ఒక్కసారిగా పడిపోయిన పిల్లను చదవడంలేదని తిట్టేముందు పిలిచి కూర్చోబెట్టుకోవాలి. పాఠం చెబుతుండగా గమనించే కన్ను ఉంది: ఎవరి చెయ్యి లేవడం ఆగింది, ఎవరు భోజనాల వేళ వరస మార్చుకున్నారు, ఎవరు పేరు పిలిస్తే తల దించుకున్నారు. రాష్ట్రమంతా ఒకే రోజున తల్లిదండ్రులను బడికి పిలిచే సమావేశం 2024 డిసెంబరు 7న మొదలైంది. ఆ రోజు ప్రగతి పత్రం చేతికిచ్చేటప్పుడు మార్కులతో పాటు ఈ మాట కూడా ఎత్తవచ్చు. తల్లిదండ్రులకు చెప్పవలసింది ఒక్కటే: పిల్ల వచ్చి చెప్పినప్పుడు ఫోను లాక్కోకండి. ముందు వినండి, ఆ స్క్రీన్‌షాట్ దాచండి, తరవాత బడికి రండి. మగపిల్లల తల్లిదండ్రులకు ఇంకొక మాట. మనవాడు ఎవరినీ ఏడిపించడని నమ్మేముందు, వాడు ఏ గ్రూపుల్లో ఏం చూసి నవ్వుతున్నాడో పక్కన కూర్చుని చూడండి.

జాగ్రత్తలన్నీ ఆడపిల్లకే చెప్పే అలవాటు కూడా మానుకోవాలి. ఫోటో పెట్టకు, నంబరు ఇవ్వకు, రాత్రిపూట చూడకు. ఈ మాటలు మంచివే అయినా, వీటిని విన్న పిల్లకు అర్థమయ్యేది జరిగినదానికి తనదే తప్పని. తరగతి గదిలో ముందు చెప్పవలసినది స్టిక్కరు తయారుచేసే చేతికి, దాన్ని ముందుకు పంపే వేలికి.

ఇక్కడున్న ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ ఏడాది అర్ధసంవత్సర పరీక్షలకు ముందు ఒక పీరియడు కేటాయించండి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తలా ఒక తెల్ల కాగితం ముక్క ఇవ్వండి. నాలుగు ప్రశ్నలు చాలు. ఈ మూడు నెలల్లో ఫోనులో నిన్ను ఎవరైనా ఏడిపించారా? దాని వల్ల బడి మానేశావా, పాఠం మీద మనసు పెట్టలేకపోయావా? ఎవరికైనా చెప్పావా? నువ్వు ఎవరినైనా ఏడిపించావా? కాగితాలు మడిచి డబ్బాలో వేయమనండి. సంతకం లేని ఉత్తరాన్ని ఇన్నాళ్లూ పరువు తీయడానికే వాడారు, ఈ ఒక్కసారి అది పిల్ల మొర వినడానికి పనికొస్తుంది. లెక్క తేలాక బడి పేరుతో కాకుండా మండలం మొత్తానికి కలిపి, వచ్చే ఏడాది ఇదే వేదిక మీద చదవండి. అంకె ఎంత వచ్చినా దాచవద్దు. చేతిరాతను బట్టి ఏది ఎవరిదో పోల్చడానికి ప్రయత్నించవద్దు. చీటీ మీద ఏ పిల్ల పేరూ అడగవద్దు.